అరవై ఆరేళ్ళ నాన్నగారికి మళ్ళీ సైకిల్: ఏది కొనాలి, ఎలా మొదలుపెట్టాలి?

అమ్మా, మీరు అడిగింది ఇదీ. కావలిలో ఉండే మీ నాన్నగారికి 66 ఏళ్ళు, బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఎప్పుడో సైకిల్ వదిలి స్కూటరెక్కిన మనిషి ఇప్పుడు మళ్ళీ సైకిల్ కొంటానంటున్నారు. మోకాళ్ళ నొప్పులున్నాయి, బీపీ మాత్ర వేసుకుంటారు. మీ అమ్మగారు ససేమిరా అంటున్నారు. కొనివ్వవచ్చా? కొంటే మామూలుదా, గేర్లదా, బ్యాటరీదా?

కొనివ్వండి. ముందు అడ్డబారు లేని ఫ్రేము, వెనుక మాత్రమే 7 గేర్లు, అల్యూమినియం రిమ్ములు ఉన్న తేలికపాటి సైకిల్ తీసుకోండి. దుకాణంలో దాన్ని ‘లేడీస్ సైకిల్’ అన్నా సరే, అదే తీసుకోండి. బ్యాటరీది ఇప్పుడే వద్దు. ఆయన పాత సైకిల్ ఇంకా ఇంట్లో ఉంటే పాత ఇనుము వాడికి వేయకండి, దానితోనూ పని జరిగే ఉపాయం ఒకటి ఉంది.

నేను టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా నెల్లూరు చుట్టుపక్కల పనిచేశాను. నిచ్చెన, తీగచుట్ట, సంచి అన్నీ సైకిల్ మీదే. ఇప్పుడు రిటైరైనవాళ్ళం కొందరం కలిసి పొద్దున్నే తొక్కుతుంటాం. మాలో ఒక హెడ్మాస్టరు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక బ్యాంకు క్యాషియరు, సైకిల్ షాపు కొడుక్కి అప్పజెప్పిన ఒక భాయ్ ఉన్నారు. కింద రాసినవాటిలో మరమ్మతు సంగతులు చాలావరకు ఆ భాయ్ దగ్గర నేర్చుకున్నవే.

పెద్దవాళ్ళకు సైకిల్ ఎక్కుతూ, దిగుతూ పడే ప్రమాదం బాగా ఉంది. అడ్డబారు వద్దని అందుకే అంటున్నాను. మన తరం వాళ్ళు సైకిలెక్కే పద్ధతి మీరు చూసే ఉంటారు. ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, రెండు మూడు గెంతులు వేసి, బండి కదులుతుండగా కుడి కాలిని వెనుక చక్రం మీదుగా తిప్పి కూర్చుంటాం. అది పన్నెండేళ్ళ వయసులో ఒంటికి పట్టిన విద్య. బుర్రకి గుర్తుంటుంది కానీ నడుము, తుంటి మాట వినవు. కుడి కాలు సీటుకో, క్యారియర్ మీది సంచికో తగులుతుంది, బండి ఎడమవైపు ఒరుగుతుంది, చెయ్యి కింద ఆనించబోతే మణికట్టు పోతుంది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అప్పటికి కాళ్ళు అలసి ఉంటాయి.

మా హెడ్మాస్టరుగారు మొదట్లో అస్సలు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, ఆడపిల్లల సైకిలెక్కి ఊళ్ళో తిరగమంటారా అన్నారు. కండక్టరుగారు ఊరుకునే మనిషి కాదు. “మాస్టారూ, మనం పంచె కట్టుకుని బారు మీదుగా కాలు తిప్పుతుంటే ఊళ్ళో వాళ్ళు చూసేది సైకిల్‌నేనంటారా?” అన్నారు. ఆ వారంలోనే బండి మారింది. మీ నాన్నగారూ పంతులేనంటున్నారు కనుక ఈ అభ్యంతరం రావచ్చు. ముందుగానే జవాబు సిద్ధం చేసుకోండి.

ఎక్కే తీరు కూడా మార్చాలి. గెంతడం పూర్తిగా మానేయాలి. రెండు బ్రేకులూ పట్టుకుని, బండిని కొంచెం తనవైపు వంచి, కాలిని బారు లేని ఖాళీలోంచి అవతలికి వేసి, రెండు పాదాలూ నేల మీద ఉంచి నిలబడాలి. ఒక పెడల్‌ను పైకి తెచ్చి, దాని మీద బరువు వేస్తూ అప్పుడు సీటెక్కాలి. దిగేటప్పుడు ముందు బండి పూర్తిగా ఆగాలి. సీటు నుంచి ముందుకు జారి, ఎడమ పాదం నేల మీద పెట్టి, ఆ తర్వాతే రెండో కాలు. ఎడమ వైపే ఎందుకంటే వాహనాలు పోయేది కుడిపక్క నుంచి. ఇంటి ముందో, బడి మైదానంలోనో ఇది ఒంటికి అలవాటయ్యేదాకా రోడ్డు మీదికి పంపకండి. తొక్కడం ఆయన మరచిపోయి ఉండరు, దాని గురించి దిగులొద్దు.

ఇక మోకాళ్ళు. “సైకిల్ తొక్కితే మోకాళ్ళు అరిగిపోతాయి” అని మీ అమ్మగారితో ఎవరో అన్నారని రాశారు. సైకిల్ మీద ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది కనుక, నడకతో పోలిస్తే మోకాలి మీద భారం తక్కువే. చాలామంది డాక్టర్లు మోకాళ్ళ అరుగుదల ఉన్నవారిని సైకిల్ తొక్కమనేది ఇందుకే. నొప్పి తెప్పించేవి ముఖ్యంగా రెండు: బరువైన గేరు, కిందికి దించిన సీటు.

బరువైన గేరు అంటే ఏమిటో లెక్క చెబుతాను. మన పాత 28 అంగుళాల నల్ల సైకిళ్ళలో ఎక్కువ వాటికి ముందు పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి (చైన్‌వీల్) 44 పళ్ళు, వెనుక చక్రం మధ్యలోని దానికి (ఫ్రీవీల్) 18 పళ్ళు ఉండేవి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండున్నర చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది, అంటే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల వేగం. పాతికేళ్ళ కుర్రాడికి అది సరిపోతుంది. 66 ఏళ్ళ మనిషి హాయిగా పోయే వేగం 11, 12 కిలోమీటర్లు. ఆ వేగంలో ఈ బండి మీద నిమిషానికి 34 నుంచి 37 చుట్లు మాత్రమే పడతాయి, ప్రతి చుట్టులోనూ కాలు బరువుగా నొక్కాలి. ఆ నొక్కుడంతా మోకాలి చిప్ప వెనుక పడుతుంది. అదే దూరం తేలిక గేరులో నిమిషానికి 55, 60 చుట్లతో పోతే కాలు తిరుగుతుందే కానీ నొక్కదు. ఆయనకు చెప్పాల్సిన ఒక్క మాట: వేగంగా పోనక్కర్లేదు, తేలికగా తిప్పాలి.

పాత సైకిల్ ఉంటే ఉపాయం అన్నది ఇదే. వెనుక 18 పళ్ళ ఫ్రీవీల్ తీయించి 22 పళ్ళది వేయించండి. చైను కొంచెం పొడవు చేయాల్సి వస్తుంది, ఏ సైకిల్ షాపులోనైనా గంటలో అయ్యే పని. పెడల్ చుట్టుకు 5.4 మీటర్లు పోయేది 4.4కు దిగుతుంది. వేగం కొంచెం తగ్గుతుంది, మోకాళ్ళు వెంటనే తేడా చెబుతాయి. మా క్యాషియరుగారు తండ్రి ఇచ్చిన సైకిల్‌ను వదలలేక ఇలాగే చేయించుకుని నిక్షేపంగా తిరుగుతున్నారు. ఆ బండి అడ్డబారుదే. ఆయన పొడగరి, నడుము కూడా వంగుతుంది కనుక చెల్లింది.

సీటు సంగతికి వస్తే, కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని అందరూ సీటు దించేస్తారు. భయం కొద్దీ చేసే పని అది. అప్పుడు పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా మడుచుకుపోతుంది. సరైన ఎత్తు చూసే పద్ధతి తేలిక. ఒకరు వెనుక నుంచి క్యారియర్ పట్టుకోవాలి. ఆయన సీటు మీద కూర్చుని, చెప్పులు వేసుకునే, మడమను పెడల్ మీద పెట్టి దాన్ని అడుగుకు తోయాలి. కాలు దాదాపు నిటారుగా చాచుకోవాలి. అలా చాచుకుంటే, పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు తగినంత మాత్రమే వంగుతుంది. మొదటి రోజే ఆ ఎత్తుకు తీసుకుపోకండి, భయపడతారు. కాస్త దించి మొదలుపెట్టి, వారానికి అర అంగుళం చొప్పున పెంచుకుంటూ పొండి. నొప్పి మోకాలి ముందువైపు వస్తే సీటు ఇంకా కిందికి ఉందని, వెనుకవైపు వస్తే మరీ ఎక్కువ లేచిందని గుర్తు. మనిషి నడిచొచ్చి నొప్పి చోటు చూపిస్తే చాలు, మా భాయ్ స్పానర్ తీస్తాడు.

మన ప్రాంతమంతా చదునే కదా, గేర్లు ఎందుకని అడుగుతారు. కొండలు లేకపోయినా మనకు గాలి ఉంది. కావలి నుంచి తుమ్మలపెంట సముద్రం ఓ పది కిలోమీటర్లు, ఆయన మనసు అటే పోతుంది, నాకు తెలుసు. మే, జూన్ నెలల్లో పొద్దున పడమటి గాలి ఉంటుంది. వెళ్ళేటప్పుడు వెనుక నుంచి తోస్తుంటే “అబ్బో, నేనింకా కుర్రాణ్ణే” అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది, పైగా ఎండ. సముద్రపు గాలి తిరిగి తూర్పు నుంచి వీచేదాకా ఆగితే పొద్దెక్కిపోతుంది, ఆ నెలల్లో పడమటి గాలి దాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. ఏడు గేర్లు పనికొచ్చేది అప్పుడే. గాలి వెనుక నుంచి ఉన్న రోజు ఓపికలో మూడో వంతు ఖర్చవగానే వెనక్కి తిరగమనండి. మేం నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళడం చలికాలంలోనే పెట్టుకుంటాం. పోను 20 కిలోమీటర్లకు పైమాటే, వేసవిలో ఆ వయసు వాళ్ళు చేసే పని కాదు.

పెడళ్ళ దగ్గర కూడా మూడు పళ్ళ చక్రాలుండి మొత్తం 21 గేర్లు అని అమ్మేవి, ముందు ఫోర్కులో స్ప్రింగులున్నవి తీసుకోకండి. బరువు పెరుగుతుంది, తొక్కిన బలంలో కొంత స్ప్రింగు తినేస్తుంది, రెండు వైపులా గేర్లు మార్చడం పెద్దాయనకు చికాకు. డిస్కు బ్రేకులూ అక్కర్లేదు. ఇనప రిమ్ములు మాత్రం వద్దు, తడిస్తే బ్రేకు పట్టదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కనుక ఇది చిన్న విషయం కాదు.

బ్యాటరీ సైకిల్ గురించి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం ఉన్నవాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. ఆ సౌకర్యం బాగానే ఉంది. కానీ బండి చాలావరకు 20 కిలోల పైన ఉంటుంది, ఒరిగితే పెద్దవాళ్ళు ఆపలేరు. మెట్లెక్కించడం, గుమ్మం దాటించడం కూడా కష్టమే. గుండె డాక్టరు శ్రమ తగ్గించమన్నవారికి, బాగా దూరం పోవాల్సినవారికి అది మంచిదే. మీ నాన్నగారికి ఒక ఏడాది మామూలుది తొక్కాక ఆలోచించండి.

దారి, వేళ. హైవే వద్దే వద్దు. లారీ పక్క నుంచి పోయినప్పుడు ఆ గాలి విసురుకే హ్యాండిల్ ఊగుతుంది. చీకట్లో కూడా వద్దు. కంటిశుక్లం మొదలైనవాళ్ళకు ఎదురు లైటు పడితే రోడ్డంతా తెల్లగా అయిపోతుంది. మన దగ్గర సూర్యోదయం మేలో 5:45 ప్రాంతంలో, జనవరిలో 6:30 దాటాక. ఇంట్లో గడియారం చూసి కాదు, వాకిట్లో వెలుతురు చూసి బయలుదేరమనండి. సముద్రం వైపు పోయేవాళ్ళు మరో సంగతి గమనించాలి. ఉదయపు ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. మీ కళ్ళలోనే కాదు, వెనుక వచ్చే ఆటోవాడి కళ్ళలోనూ పడుతుంది, అతనికి మీరు కనిపించరు. అందుకని తూర్పుకు పోయే రోజు చీకటి విడిపోగానే బయలుదేరి, సూర్యుడు పైకి రాకముందే ఎక్కువ దూరం దాటేయాలి. దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించే పసుపో నారింజో చొక్కా వేసుకోవాలి. హ్యాండిల్‌కు కుడివైపు ఒక అద్దం బిగించండి. వినికిడి తగ్గినవాళ్ళకు హారన్ కంటే అద్దమే దిక్కు.

మార్చి, ఏప్రిల్‌లో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. వాటి అంచున రాళ్ళు పెడతారు, గింజల మీద చక్రం జారుతుంది. అక్కడ దిగి నడిపించుకుపోవడమే మర్యాద, క్షేమం కూడా. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కొట్టి ఈడ్చుకెళ్ళిన చోట ముళ్ళు రాలి ఉంటాయి. మట్టి బాటల్లో పల్లేరు కాయలు. పంక్చర్లలో ఎక్కువ భాగం ఈ రెండింటివే. టైరులో ముల్లు విరిగి ఉండిపోతే కొత్త ట్యూబు వేసినా అది మళ్ళీ గుచ్చుకుంటుంది. పంక్చరు వేశాక టైరు లోపల గుడ్డ పెట్టి చుట్టూ తుడిపించండి, ముల్లుంటే గుడ్డకు తగులుకుంటుంది. నెల్లూరులోనైతే రొట్టెల పండుగ రోజుల్లో మేం చెరువు వైపు తిరగం, ఆ జనంలో సైకిల్‌కు చోటుండదు.

ఒంటి సంగతి. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకు హఠాత్తుగా లేచినా, దిగినా కళ్ళు తిరగవచ్చు. ఆగాక ఒక నిమిషం హ్యాండిల్ పట్టుకుని నిలబడి అప్పుడు కదలాలి. షుగరు మందు ఉంటే పరగడుపున పోకూడదు, జేబులో గ్లూకోజు బిస్కెట్లు ఉండాలి. రక్తం పలుచబరిచే మాత్ర వాడుతుంటే చిన్న దెబ్బకే లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి, హెల్మెట్ లేకుండా గడప దాటనివ్వకండి. నిజానికి హెల్మెట్ అందరికీ కావాలి. తొక్కేటప్పుడు గుండెలో బిగపట్టినట్లున్నా, ఎడమ చెయ్యి లాగినా ఆపేయాల్సిందే, “ఇంకొంచెం దూరమే కదా” అనుకోకూడదు.

మగవాళ్ళు బయటికి చెప్పని విషయం ఒకటి. సన్న సీటు మీద కూర్చుంటే తొడల మధ్య తిమ్మిరెక్కుతుంది. అది మంచిది కాదు. వెడల్పు సీటు వేయించి, దాని ముక్కును ఒక్క పిసరు కిందికి వంచమనండి. మధ్యమధ్య ఆగి దిగాలి.

సైకిల్ ఒక్కటే చాలనుకోకండి. దాని మీద ఎముకలకు భారం పడదు కనుక ఎముక గట్టిదనానికి నడక కూడా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ. రోజూ అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు చాలు. మిగతా రెండు రోజులు మోకాళ్ళకు సెలవు.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. ఆవిడ భయం అర్థం లేనిది కాదు, దాన్ని తోసిపారేయకండి. ఆయన్ను ఒంటరిగా పంపకండి, జత చూడండి. కావలిలో రిటైరైన పంతుళ్ళకు కొదవా? ఇద్దరు దొరికినా చాలు. పడితే లేపడానికి మనిషి ఉంటాడన్నది ఒక కారణం. రెండోది, జత ఉంటే మాటలు సాగేంత వేగంలోనే పోతారు. మాట తడబడి ఆయాసం వస్తోందంటే గేరు తేలిక చేయాలని లెక్క. ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

జతకు అసలు కారణం వేరే ఉందనుకోండి. ఉద్యోగం పోయాక మగవాడికి ముందు పోయేది కాళ్ళ బలం కాదు, మాట్లాడే చోటు. మాకు టీ అంగడి దగ్గర సైకిళ్ళు స్టాండు వేశాక గంటసేపు మాటలే. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ ఎవరిచ్చారు, ఎవరి వేలిముద్ర మిషను తీసుకోలేదు అన్నదే సంగతి. రొయ్య ధర, ఎవరి మనవడికి ఎక్కడ సీటొచ్చింది, ఎవరి శుక్లం ఎప్పుడు తీస్తారు. అవి అయిపోతే పాత రోజులు. సైకిల్‌కు లైసెన్సు బిళ్ళ ఉండాల్సిన కాలం, రాత్రి దీపం లేకపోయినా, ఇద్దరు ఎక్కినా పోలీసు ఆపి గాలి తీసేసిన కాలం. అట్లాస్ గొప్పదా, హెర్క్యులెస్ గొప్పదా అన్న తగువు ఇంకా తీరలేదు. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయిందని కండక్టరుగారు ఇప్పటికీ సొంత ఇంట్లో సంగతిలా చెబుతారు. ఒక మనిషి రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఎవరో ఒకరు వాళ్ళింటి దారి పడతారు. మీ అమ్మగారికి ఈ భాగం చదివి వినిపించండి.

టీతోపాటు ఎర్రకారం దోశలు మొదలైతే మాత్రం తొక్కిందంతా అక్కడే తిరిగొచ్చేస్తుంది. ఆ విషయంలో మా అందరికీ ఇళ్ళల్లో చీవాట్లు తప్పడం లేదు.

కొనేటప్పుడు ఆయన్ను వెంట తీసుకెళ్ళండి, ఆన్‌లైన్‌లో తెప్పించి ఆశ్చర్యపరచాలని చూడకండి. సైకిల్ పెట్టెలో విడి భాగాలుగా వస్తుంది, బిగింపు సరిగ్గా లేకపోతే హ్యాండిలే తిరిగిపోతుంది. షాపులోనే ఎక్కించి దింపించి చూడండి. మడ్‌గార్డులు, చైను కవరు, బెల్లు, స్టాండు, వెనుక ఎర్ర లైటు అన్నీ వేయించండి. ఇవి లేని బండి అందంగా ఉంటుంది కానీ పంచెకు, ప్యాంటుకు చైను నూనె అంటుతుంది. గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. పెట్రోలు బంకులో పెద్ద మిషనుతో కొట్టించకండి, క్షణంలో ట్యూబు పగులుతుంది. ఇంట్లో ఒక చేతిపంపు ఉంచండి. సముద్రం దగ్గరికి పోయొచ్చిన రోజు మంచినీళ్ళతో కడిగి, ఆరాక చైనుకు కుట్టుమిషను నూనె చుక్కలు వేసి, పైన అంటినది గుడ్డతో తుడిచేయాలి. పాత ఇంజను ఆయిలు పోస్తే దుమ్మూ ఇసుకా పట్టి చైను, పళ్ళు రెండూ అరిగిపోతాయి.

కొత్త బండికి మొదటి నెలలో చువ్వలు వదులవుతాయి, బ్రేకు తీగలు సాగుతాయి. నెల కాగానే షాపుకు తీసుకెళ్ళి చక్రాలు సరిచేయించి, బ్రేకులు బిగింపించండి. చాలామంది ఇది చేయించరు, ఆరు నెలలకే చక్రం వంకర తిరిగిందని కంపెనీని తిడతారు.

ఆయన ఎత్తు, కాళ్ళ పొడవు కొలిచి ఇక్కడ రాస్తే ఫ్రేము ఏ సైజు కావాలో చెబుతాను. కాళ్ళ పొడవు అంటే ప్యాంటు కొలత కాదు. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబెట్టి, తొడల మధ్య నుంచి నేల దాకా కొలవండి.